మంటలో పడని మెషిన్

ఆ ఎర్ర చుక్కను ఫెలీసా దూరం నుంచే గుర్తుపట్టింది.

ఎల్ ఆల్తో పట్నంలో ఆదివారం సంత. నీలం టార్పాలిన్ మీద పాత చార్జర్లు, రిమోట్లు, మీటలు ఊడిన కాలిక్యులేటర్లు కుప్పగా పోసి ఉన్నాయి. వాటి మధ్య అరచేతిలో పట్టే కంప్యూటర్ ఒకటి బోర్లా పడి ఉంది. వెనక బ్యాటరీల మూత దగ్గర ప్లాస్టిక్ విరిగిన చోట గోళ్ల రంగు చుక్క, చిటికెన వేలి గోరంత. ఆ చుక్క పెట్టింది ఫెలీసాయే. మూత మాటిమాటికీ ఊడిపోతుంటే, ఇంట్లో గమ్ము దొరక్క, మొగుడి చేతిలోంచి మెషిన్ లాక్కుని తన గోళ్ల రంగుతోనే అతికించింది. "నాకంటే దీనికే సోకులెక్కువయ్యాయి" అని సాబినో వారం రోజులు నవ్వాడు.

సాబినో పోయిన ఎనిమిదో రోజున ఈ మెషిన్ నది ఒడ్డున కాలిపోయింది. అందరూ అలాగే అనుకున్నారు. పోయినవాడి బట్టలు ఉతికి, వాడిన వస్తువులు మంటలో వేస్తేనే అక్కడ వాడికవి అందుతాయి. టోపీ, బూట్లు, పని సంచి, రోజంతా చేతిలో ఉండే ఈ మెషిన్, అన్నిటినీ అత్తగారు ప్లాసిదా స్వయంగా మూట కట్టింది. ఆడవాళ్లు ఎగువన రాళ్ల మీద కూర్చున్నారు. మూట విప్పి ఒక్కొక్కటీ మంటలో వేసే పని సాబినో తమ్ముడు సిరియాకోది.

ఆ మెషిన్ ఇక్కడుందంటే సిరియాకో దాన్ని మంటలో వేయలేదు. జేబులో వేసుకుని అమ్ముకున్నాడు. ఈ సంగతి తేల్చుకోవడానికి ఫెలీసాకు ఎంతోసేపు పట్టలేదు. కోపం రావాలి. వస్తుందేమోనని అక్కడే నిలబడి కాసేపు ఎదురుచూసింది కూడా. రాలేదు. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ రావడం లేదు. ఏడుపు రాలేదు, ఆకలి రాలేదు, చలి కూడా అందరికీ వేసినట్టు వేయడం లేదు.

"పట్టుకుని చూడు అక్కా, చూస్తే డబ్బులడగను" అంది అమ్మే ఆవిడ, బుగ్గలో కోకా ఆకు అటునుంచి ఇటు తిప్పుకుంటూ. "ఒక గ్రింగో ఇంజనీరుది, తెల్లదొరది. పాపం, డబ్బాలోంచి కూడా సరిగ్గా తీయలేదు. అంత కొత్తది."

ఫెలీసా మెషిన్ తీసుకుంది. పక్కనున్న సన్నటి గాడిలోంచి రాసే పుల్లను లాగింది. దాని కొస మీద పంటిగాట్లు. సాబినో ఏదైనా ఆలోచించేటప్పుడు దాన్ని కొరికేవాడు.

"మరి ఈ పుల్లను ఎవరు కొరికారు?"

"గ్రింగోలకు పిల్లలుండరా ఏంటి?"

ఫెలీసా మూత తీసి లోపల రేకులకు ఆకుపచ్చ తుప్పు పట్టిందేమో చూసింది. వాసన చూసింది, కాలిన కంపు లేదు. మెషిన్ కొనడానికే వచ్చింది కాబట్టి వెంట తెచ్చుకున్న రెండు బ్యాటరీలు లంగా జేబులోంచి తీసి వేసింది. బూడిదరంగు తెర వెలిగింది. నాలుగు మూలలా పుల్లతో గీతలు గీసి, ప్రతి మూలా చెప్పినమాట వింటోందని చూసుకుంది. కొనేవాళ్లు చూడాల్సినవన్నీ ఆమె చూసింది. ఎవరిదో వస్తువును బేరం చేసినట్టే బేరం చేసింది.

"ఒంటి మీద నల్లబట్టలు చూస్తున్నా. నీ దగ్గర ఎక్కువ గుంజితే నాకు పాపం తగులుతుంది" అంది ఆవిడ. ఆ మాటన్నాక ధర మాత్రం పైసా తగ్గించలేదు.

ఫెలీసా డబ్బులిచ్చి, మెషిన్‌ను రెండు స్వెటర్ల మధ్య గుండెకు ఆనించి దోపుకుని మినీబస్సు ఎక్కింది. ఇంటికెళ్లి నిజం చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అత్త ఆ నిమిషమే మంట రాజేస్తుంది. మొగుడు చేసిన మీటర్ల పని తనకు దక్కాలంటే మెషిన్ ఉండాలి, ఇంకోటి కొనే స్థోమత లేదు. కాబట్టి చెప్పకూడదు. అంతే, అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

సోమవారం పొద్దున కాంట్రాక్టరు ఆఫీసులో సూపర్‌వైజర్ సలాసార్ ఆ మెషిన్‌ను తన కంప్యూటర్‌కు తగిలించి, మీటర్లు రాసుకునే ప్రోగ్రాము ఎక్కించాడు. అతన్ని అందరూ ఇంజనీరు గారూ అంటారు. ఇంజనీరింగ్ ఎక్కడ చదివాడని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. కరెంటు మీటర్లు చదివేవాళ్లంతా అతని కిందే. మెషిన్లు మాత్రం ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. పాడైతే వాళ్లదే బాధ్యత, పోతే వాళ్లదే, పాతబడితే వాళ్లదే. వాటితో వచ్చే లాభం ఒక్కటే ఆఫీసుది.

"అసలు ఆడవాళ్లకు రూటు ఇవ్వను" అన్నాడు తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. "సాబినో మంచోడు కాబట్టి ఒక వారం చూస్తా. వచ్చే సోమవారం పొద్దున్నే, వాడి రూటులో ఉన్న మీటర్లన్నీ ఇందులో ఉండాలి. ఒక్క వీధి తగ్గినా కుదరదు. మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

"సరే ఇంజనీరు గారూ."

"ఇదిగో, ఇది విను. దీనికి జ్ఞాపకశక్తి బ్యాటరీలున్నంతసేపే. అవి చచ్చినా, తీసి కాసేపు పక్కన పెట్టినా, లోపలున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మీ ఆయనకు ఇది తెలుసు. నీకు తెలియాలి కదా. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే లాభం లేదు."

"ఏడవను" అంది ఫెలీసా. నిజమే చెప్పింది.

ఆ రూటు ఊరి చివర, మైదానం మొదలయ్యే చోట. సగం ఇళ్లకు గిలాబా లేదు, సగం వీధులకు పేరు లేదు. జూన్ అంటే అక్కడ నడి చలికాలం, గాలి పొద్దున్నే చెవులు కోసేస్తుంది. ప్రతి గేటు వెనకా ఒక కుక్క, కొన్ని గేట్ల వెనక మూడు. మీటరు డబ్బా గోడలో ఉంటుంది, దాని అద్దం మీద దుమ్ము అట్టలు కట్టి ఉంటుంది. ఫెలీసా స్వెటర్ చేతి అంచుతో తుడిచి, మునివేళ్ల మీద లేచి అంకెలు చూసి, అప్పుడు మాత్రమే గుండెల్లోంచి మెషిన్ తీసేది. పుల్లతో నాలుగు అంకెలు నొక్కి వెంటనే లోపలికి దోపుకునేది. చలిలో ఎక్కువసేపు ఉంచితే తెర మీది బ్యాటరీ గుర్తు సగానికి పడిపోయేది. ఒంటి వెచ్చదనం తగిలితే మళ్లీ పైకి లేచేది. రెండు కొత్త బ్యాటరీలను చంకలో గుడ్డలో చుట్టి పెట్టుకుంది, అవసరం పడితే చల్లగా ఉండకూడదని. మార్చేటప్పుడు ఒకటి తీసి వెంటనే ఒకటి వేయాలి, రెండూ ఒకేసారి తీయకూడదు. అది నేర్చుకుంది. ఇవన్నీ సాబినో కూడా చేసేవాడు కాబోలు. ఇంటికొచ్చాక ఏనాడూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

"సాబినో ఏడమ్మా? పండగ చేసుకుంటున్నాడా?" అని ఒక గేటు దగ్గర పందులకు తవుడు కలుపుతున్న ముసలాయన అడిగాడు.

"పోయాడు తాతా."

"ఎక్కడికి?"

ఫెలీసా నల్ల శాలువా కేసి చూసి ఆయనే అర్థం చేసుకున్నాడు. తవుడు చేతులతోనే టోపీ తీశాడు. "ఊపిరితిత్తులేనా? మొన్న చూసినప్పుడే దగ్గుతున్నాడు. ఇంటికి పోయి పడుకోవయ్యా అన్నాను. ఈ వీధి అయిపోతే వెళ్తానన్నాడు."

ఆమె మీటరు అంకెలు నొక్కి తర్వాతి ఇంటికి నడిచింది. ముసలాయన ఇంకా టోపీ పట్టుకునే నిలబడ్డాడు.

ఇంకొక ఇంట్లో ఒకావిడ చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది. "సాబినో మాకు ప్రతి నెలా కొంచెం తగ్గించి రాసేవాడమ్మా. నువ్వూ అలాగే చూడు."

"మా ఆయన అలా రాసేవాడు కాదు."

"పోయినోడి గురించి అబద్ధం చెప్తానా?"

"చెప్తున్నావు కదమ్మా" అంది ఫెలీసా. కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. ఆవిడ నోరెళ్లబెట్టి, తర్వాత ఏమనుకుందో ఏమో, లోపలికెళ్లి వేడి రొట్టె ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

ఇంట్లో మెషిన్ కోసం ఒక ఉన్ని సాక్సు వెతికి తీసింది ఫెలీసా. దాన్ని అందులో దూర్చి, సాక్సు మూతి ముడివేసి, పడుకునేటప్పుడు దుప్పటి కింద తన పొట్ట దగ్గర పెట్టుకునేది. ఆ సాక్సులో ఎర్ర చుక్క కనపడదు. అసలు సంగతి అదే, చలి రెండోది. ప్లాసిదా చూపు మందగించింది గానీ, అనుమానం మందగించలేదు.

"ఏంటది? పసిబిడ్డా?" అంది మూడో రోజు, బంగాళాదుంపల సూపు వడ్డిస్తూ.

"చలికి బ్యాటరీ పోతుంది అత్తా. పోతే అంతా పోతుంది."

"తిండి పెడతావా దానికి?"

"బ్యాటరీలు."

ప్లాసిదా గరిటె కుండలో పడేసింది. ఆమెకు కోడలి మీద కోపం ఎందుకో వీధి మొత్తానికి తెలుసు. శవపేటిక దింపేటప్పుడు ఫెలీసా కంట తడి లేదు. ఎనిమిదో రోజు మంట దగ్గరా లేదు. మొగుడి కోసం ఏడవని ఆడదాన్ని ఈ పేటలో ఎవరూ చూడలేదు. ఏడుపు రాకపోతే గొంతైనా ఎత్తుతారు.

"దానికి చలి తగలకూడదని పొట్టలో దాచుకుంటున్నావు" అంది ప్లాసిదా. "నా కొడుకును కూడా ఇలాగే చూసుకుని ఉంటే ఇవాళ ఆ కుర్చీలో కూర్చుని సూపు తాగుతుండేవాడు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తగిలిందని ఫెలీసాకు తెలిసింది, నొప్పి మాత్రం తెలియలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక బుగ్గ నొక్కి చూసుకున్నట్టు ఉంది.

"అవును అత్తా" అంది.

"అవునట!" ప్లాసిదా దుంప గిన్నె ముందుకు తోసింది. "తిను. వీధుల్లో పడిపోతే జనం నన్నంటారు."

శుక్రవారం మధ్యాహ్నానికి రూటులో రెండు వీధులు మాత్రమే మిగిలాయి. వాటిని శనివారం పూర్తి చేయొచ్చు. ఫెలీసా భోజనానికి ఇంటికొచ్చి, బ్యాటరీ గుర్తు చూసుకుందామని మెషిన్‌ను సాక్సులోంచి తీసి బల్ల మీద పెట్టింది. సరిగ్గా అప్పుడే సిరియాకో లోపలికొచ్చాడు.

అతను మినీబస్సు తలుపు పట్టుకుని వేలాడుతూ ఊర్ల పేర్లు అరిచే మనిషి. గొంతు ఇంట్లో కూడా అలాగే ఉంటుంది. "అమ్మా, ఆకలి చంపేస్తోంది! వదినా, ఎలా ఉన్నావు? రూటు దొరికిందటగా, ఇక మా అందరికీ నువ్వే..."

మెషిన్ వెల్లకిలా ఉంటే బాగుండేది. బోర్లా ఉంది.

అతను ఎర్ర చుక్కను చూశాడు, వదిన మొహం చూశాడు. ఫెలీసా మెషిన్‌ను తీయలేదు, తిప్పలేదు. అతన్ని చూస్తూ రొట్టె నమిలింది. ఆమె కళ్లల్లో తిట్టు లేదు. తిట్టు ఉంటే అతనికి ఊపిరి ఆడేది.

"ఎక్కడ... ఎక్కడ కొన్నావు వదినా?"

"సంతలో. గ్రింగో ఇంజనీరుదట."

"ఓహో. గ్రింగోది."

"కూర్చో మరిదీ. సూపు చల్లారుతుంది."

అతను కూర్చున్నాడు. చెంచా నోటిదాకా పోవడం, మళ్లీ గిన్నెలోకి రావడం. అన్న కొరికిన పుల్ల అతని చేతికి జానెడు దూరంలో ఉంది. చచ్చినవాడికి చేరాల్సిన వస్తువు దారిలో కాజేస్తే ఏమవుతుందో ఈ ఇంట్లో చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు. పోయినవాడు దానికోసం వెనక్కి వస్తాడు. వట్టి చేతులతో తిరిగి వెళ్లడు.

"దీనికి చల్యా చేశారా?" అన్నాడు ఉన్నట్టుండి.

"చల్యానా?" అంది ప్లాసిదా.

"కొత్త వస్తువు కదమ్మా ఇంటికొచ్చింది. లారీ కొంటే చేయమా? టీవీ కొంటే చేయమా? రంగు కాగితాలు చుట్టి సారాయి చల్లకుండా, భూమితల్లికి తాగించకుండా వాడితే దరిద్రం. పైగా ఇవాళ శుక్రవారం. ఉండండి, నేను తెస్తా."

"చావు ఇంట్లో రంగు కాగితాలు వద్దురోయ్!" అని ప్లాసిదా అరిచేలోపు అతను వీధిలో ఉన్నాడు.

సిరియాకో తన జన్మలో ఇంటికి ఏమైనా కొనుక్కొచ్చింది లేదు. ఆ రోజు మాత్రం మంచి సారాయి సీసా, రెండు బీర్లు, ధూపం పొట్లం తెచ్చాడు. ప్లాసిదాకు ముచ్చటేసింది. పెరట్లో కుంపటి రాజేసి, నిప్పుల మీద ధూపం వేసింది. ఫెలీసా మెషిన్‌ను తెచ్చి తిరగేసిన బక్కెట్టు మీద పెట్టింది. వద్దనొచ్చు. వద్దంటే ఎందుకని అత్త అడుగుతుంది. రెండు చుక్కలు నేల మీద, రెండు చుక్కలు వస్తువు అంచు మీద. అంతటితో అయిపోతుందనుకుంది.

సిరియాకో ముందు నేల మీద చల్లాడు, నాలుగు దిక్కులా. తర్వాత మెషిన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని టోపీ తీశాడు. సీసా వంచాడు. చుక్కలు కాదు, ధార కట్టింది. తెర మీద పడి, మీటల సందుల్లోకి జారి, అంచుల వెంట కారింది. అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి, కళ్లు మూసుకుని పోస్తూనే ఉన్నాడు.

"...కోపం తెచ్చుకోకు అన్నా, తాగు, ఇంకొంచెం తాగు, నా జోలికి రాకు అన్నా..."

ఫెలీసా ఒక్క ఉరుకులో బక్కెట్టు దగ్గరికి చేరింది. తెర మీద గీతలు పిచ్చి పట్టినట్టు వాటంతటవే పరుగెడుతున్నాయి. మూతలోంచి సారాయి కారుతోంది. బ్యాటరీలు ఉంచితే లోపల కాలిపోతుంది. తీస్తే వారం రోజుల మీటర్లు పోతాయి. ఆమె చేతులు ఆమెను అడగలేదు. మూత లాగి, రెండు బ్యాటరీలూ ఒకేసారి పీకేశాయి. గీతలు ఆగిపోయి తెర బూడిదరంగులో ఉండిపోయింది. శాలువాతో ఒత్తింది, విదిలించింది, మూత సందులోకి నోటితో ఊదింది. ఒక్కో వీధీ, ఒక్కో గేటూ పోతున్నాయని తెలుస్తూనే ఉంది.

"భూమితల్లికి పోసేటప్పుడు అన్నా అంటావేంట్రా?" అంది ప్లాసిదా.

కుంపట్లో ధూపం చిటపటలాడింది.

"నిన్నే అడుగుతున్నా. పాత మెషిన్‌కు ఇంత సారాయి ఎవడు పోస్తాడు? ఇంత సారాయి చచ్చినోళ్లకు పోస్తారు."

సిరియాకోకు అబద్ధాలు కొత్త కాదు, కానీ అవన్నీ తల్లి దూరంగా ఉన్నప్పుడు చెప్పేవి. మోకాళ్ల మీదే తల్లి వైపు జరిగాడు. "మంటలో వేయడానికి చేతులు రాలేదమ్మా. బూట్లు వేశాను, సంచి వేశాను, టోపీ వేశాను. ఇది చక్కగా పనిచేసే వస్తువు. ప్లాస్టిక్ కాలితే కంపు కూడా కొడుతుంది కదా..."

"అమ్మి తాగావు."

"కొంచెం తాగాను. కొంచెం అద్దె కట్టాను."

ప్లాసిదా అతన్ని కొట్టలేదు. వేలితో ఫెలీసా కేసి చూపించి, "నీకు తెలుసా?" అంది.

"సంతలోనే తెలిసింది అత్తా."

"తెలిసి తెచ్చావు. తెలిసి నా ఇంట్లో, నా కప్పు కింద పెట్టావు. వాడు అక్కడ వట్టి చేతులతో తిరుగుతుంటే నువ్వు దానికి సాక్సు తొడిగి పడుకోబెట్టావు." ఆమె చేయి చాచింది. "ఇటివ్వు. నిప్పులున్నాయి."

"ఇవ్వను."

ఫెలీసా తన గొంతు తానే విని ఆశ్చర్యపోయింది. ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి అత్తతో ఆ మాట అనలేదు.

"ఇది కాలిస్తే రూటు పోతుంది" అంది. "సోమవారం ఆ సలాసార్ బావమరిదికి ఇచ్చేస్తాడు. అప్పుడు మనిద్దరం ఏం తింటాం?"

"ఎండు దుంపలు తింటాం. చచ్చినోడి సొమ్ము మాత్రం తినం. వాడు రోజూ చేతిలో పట్టుకున్నదే అది! వాడి వేళ్లు, వాడి ఊపిరి, వాడి పనంతా అందులో ఉంది. దాన్ని అట్టిపెట్టుకుంటే వాడు పోలేడే. వాకిట్లోనే తిరుగుతాడు. అది నీకు సరదాగా ఉందా?"

"అందులో ఏమీ లేదు అత్తా."

"ఎందుకు లేదు? అన్నీ అందులోనే రాసుకునేవాడు."

"బ్యాటరీలు తీస్తే పోతాయి. నువ్వే చూడు."

నిప్పుల సెగకు మెషిన్‌ను కాసేపు పట్టుకుని, రేకులు పొడిగా తుడిచి, ఫెలీసా చంకలోని గుడ్డ విప్పి బ్యాటరీలు వేసింది. చాలాసేపు ఏమీ కాలేదు. ఇక రూటూ లేదు, ఏమీ లేదు అనుకుంది. అప్పుడు తెర వెలిగి మధ్యలో ఎక్కడ నొక్కాలో చూపే ఒక చిన్న శిలువ గుర్తు వచ్చింది. పుల్లతో దాన్ని తాకింది. ఇంకో మూల ఇంకోటి వచ్చింది, దాన్నీ తాకింది.

ప్లాసిదా దగ్గరికొచ్చి వంగింది. ఆమెకు చదువు రాదు. "ఏమంటోంది?"

"ఇవాళ ఏ రోజని అడుగుతోంది."

"అది కూడా తెలియదా దానికి?"

"తెలియదు. ఏ సంవత్సరమో కూడా తెలియదు."

"నిన్న నువ్వు రాసినవి?"

"పోయాయి."

"సాబినో రాసినవి?"

"అవి ఎప్పుడో పోయాయి. సంతలో ఎన్నాళ్లు బ్యాటరీలు లేకుండా పడి ఉందో. ఇప్పుడు కొత్తగా పుట్టినట్టే లెక్క."

ముసలామె మెషిన్‌ను కోడలి చేతిలోంచి తీసుకుంది. ఈసారి ఫెలీసా ఆపలేదు. ప్లాసిదా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, సారాయి కంపే కొట్టింది. నిప్పుల మీదకు చేయి చాచి అలాగే కొంతసేపు ఉంచింది. సిరియాకో కళ్లు మూసుకున్నాడు.

"సాబినో" అని పిలిచింది దాన్ని. గట్టిగా కాదు, భోజనానికి పిలిచినట్టు.

తెర మీద తేదీ అడిగే గడి వెలిగి ఆరుతూనే ఉంది.

"లేడు" అంది ప్లాసిదా చివరికి. చేయి వెనక్కి తీసుకుంది. "వాణ్ని గుర్తే పెట్టుకోని దాన్ని వాడి దగ్గరికి పంపితే వాడేం చేసుకుంటాడు? ఇది వాడిది కాదు. సంతలో కొన్నది. నీది." మెషిన్‌ను ఫెలీసా ఒళ్లో పెట్టి, కొడుకు వైపు తిరిగింది. "లేవరా దొంగ సచ్చినోడా. రేపు, ఎల్లుండి బస్సు లేదు, బీరు లేదు. వదినతో వెళ్లి మీటర్లన్నీ మళ్లీ చదువు. నువ్వు గోడల దగ్గర అంకెలు అరువు, వదిన నొక్కుకుంటుంది. ఆ గొంతు ఒక్కసారైనా ఇంటికి పనికొస్తుంది."

"ఆఫీసులో ముందు మళ్లీ తగిలించాలేమోనమ్మా" అన్నాడు సిరియాకో చిన్నగా.

"తగిలించండి. నేనూ వస్తా. వాడెవడో ఇంజనీరట, చూస్తాను."

రూటు దక్కేలా ఉంది. రెండు రోజులు ముగ్గురు నడిస్తే సోమవారానికి అయిపోతుంది. ఫెలీసా కోరుకున్నది అదే. వారమంతా దానికోసమే చలిలో తిరిగింది, దానికోసమే నోరు మూసుకుంది. కానీ ఇప్పుడు ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ ముక్క బరువు మారిపోయింది. అది ఖాళీ అని ఆమెకు సలాసార్ చెప్పిన రోజే తెలుసు. తెలిసినా, రోజూ పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంది. సలాసార్ కోసం అలా పెట్టుకోలేదు. బ్యాటరీల కోసం కూడా కాదు. వాళ్లమ్మ పిలిస్తే పలకలేదు. లేడు. ఇందులో లేడు, వీధుల్లో లేడు, ఆ కుర్చీలో లేడు, ఎక్కడా లేడు.

మొదట దగ్గు అనుకుంది. తర్వాత అది బయటికొచ్చింది, ఆమె ఎన్నడూ వినని గొంతుతో, పక్కింటి కుక్కలన్నీ మొరిగేంత గట్టిగా. మెషిన్ మీదికి వంగిపోయి ఏడ్చింది. సిరియాకో బెదిరిపోయి గోడకు ఆనుకున్నాడు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. ప్లాసిదా వాళ్లను చూసి, ఇప్పుడు చూడండి అన్నట్టు గడ్డం ఎత్తింది. కోడలి పక్కన నేల మీద చతికిలబడి, ఆమె వీపు మీద బరువుగా చేయి వేసింది.

"ఏడు" అంది. "ఏడవ్వే. కానీ కొంచెం ఇటు తిరిగి ఏడు. దాని మీద నీళ్లు పడుతున్నాయి."